టైరు పీడన హెచ్చరిక దీపం

టైరు పీడన హెచ్చరిక దీపం అనేది కారు టైర్లలో ఏ ఒక్కదానిలోనైనా గాలి తగ్గినప్పుడు చోదకుని ఎదుట డ్యాష్‌బోర్డు మీద వెలిగే పసుపుపచ్చని గుర్తు. అడ్డంగా కోసిన టైరు ఆకారం, అనగా పైభాగం తెరచి ఉన్న గుర్రపు నాడా వంటి గీత, దాని నడుమ ఒక ఆశ్చర్యార్థకం ఇందులో కనిపిస్తాయి. దీనిని వెలిగించే ఏర్పాటును టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ అని, ఆంగ్ల పొడి అక్షరాలలో టి.పి.ఎం.ఎస్. అని అంటారు. గాలి సరిచేసిన తరువాత ఈ దీపం ఆరిపోయేటట్లు, లేదా కొత్త పీడనాన్ని వ్యవస్థ గుర్తుంచుకొనేటట్లు చేసే పనిని "రీసెట్ చేయడం" అంటారు.

రీసెట్ అంటే దీపాన్ని ఆర్పడమేనని అనేకులు భావిస్తారు. ఇది సరి కాదు. చాలా కార్లలో రీసెట్ మీట నొక్కడమంటే, "ఈ క్షణాన టైర్లలో ఎంత గాలి ఉన్నదో అదే సరియైన గాలి" అని కారుకు చెప్పడం. ఆ మాట నిజమో కాదో సరిచూసుకొనే శక్తి అటువంటి కార్లకు లేదు. చెప్పినదానిని అవి నమ్ముతాయి. అందువలన మీట ఎలా నొక్కాలన్న ప్రశ్న కంటె ఎప్పుడు, ఏ స్థితిలో నొక్కాలన్న ప్రశ్న ముఖ్యమైనది. ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతం వంటి ఎండ తీవ్రంగా ఉండే చోట్ల ఈ తేడా మరింత పెద్దదవుతుంది.

దీపం చెప్పే విషయాలు

ఒకే గుర్తు రెండు వేర్వేరు సంగతులను తెలుపుతుంది. తాళం తిప్పగానే ఈ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవడం సహజం. అది దీపం తనను తాను పరీక్షించుకోవడం మాత్రమే. ఆ తరువాత కూడా నిలకడగా వెలుగుతూ ఉంటే ఏదో ఒక టైరులో, లేక అన్నింటిలోను, గాలి తగ్గినదని అర్థం. అలా కాక, బండి స్టార్ట్ చేయగానే ఒక నిమిషం నుండి నిమిషంన్నర వరకు మినుకుమినుకుమని, తరువాత నిలకడగా వెలిగితే లోపం టైరులో కాక పర్యవేక్షణ వ్యవస్థలోనే ఉన్నదని అర్థం. సెన్సరు బ్యాటరీ అయిపోవడం, సెన్సరు లేని స్టెప్నీని బిగించడం దీనికి సాధారణ కారణాలు. రెండవ సందర్భంలో ఎన్నిసార్లు గాలి కొట్టించినా, ఎన్నిసార్లు మీట నొక్కినా ప్రయోజనం ఉండదు.

ఈ దీపం ఎరుపు కాదు, పసుపు. ఎరుపు దీపం వెంటనే ఆగమని చెబుతుంది. పసుపు దీపం వీలైనంత త్వరగా చూడమని చెబుతుంది. అయితే నడుస్తున్న బండిలో ఈ దీపం వెలగడంతో పాటు స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నట్లు అనిపిస్తే గాలి వేగంగా పోతున్నదని తెలుసుకొని, గట్టిగా బ్రేకు వేయక, నెమ్మదిగా వేగం తగ్గించి రోడ్డు పక్కన ఆపవలెను.

పనిచేసే విధానం

ఈ వ్యవస్థలు రెండు రకాలు. రీసెట్ పద్ధతి ఏదో తెలుసుకొనే ముందు తన కారులో ఏ రకం ఉన్నదో తెలుసుకొనడం అవసరం.

ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రం లోపల, సాధారణంగా గాలి వాల్వును అంటిపెట్టుకొని, ఒక చిన్న సెన్సరు ఉంటుంది. అది పీడనాన్ని నేరుగా కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. అమెరికాలో వీటికి 315 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 433 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ప్రతి సెన్సరుకు తనదైన ఒక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య ఏ చక్రానిదో కారు గుర్తుంచుకుంటుంది. కనుకనే టైర్లను ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్పించినప్పుడు కొన్ని కార్లకు ఆ సంఖ్యలను మరల నేర్పవలసి వస్తుంది. సెన్సరులోని బ్యాటరీ అయిదు నుండి పది సంవత్సరాల వరకు వస్తుంది. అది మూసివేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీని మాత్రమే మార్చడం కుదరదు, సెన్సరునే మార్చాలి. ఈ రకంలో చాలా కార్లు ఒక్కొక్క టైరులో ఎంత గాలి ఉన్నదో అంకెలలో చూపుతాయి. హ్యుందాయ్, కియా సంస్థల పలు కార్లలో ఈ పద్ధతి ఉన్నది.

పరోక్ష పద్ధతిలో టైరు లోపల సెన్సరు ఏదీ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఎ.బి.ఎస్. అనే ఏర్పాటులో ప్రతి చక్రం తిరిగే వేగాన్ని కొలిచే పరికరం ఉంటుంది. గాలి తగ్గిన టైరు కొద్దిగా అణగిపోతుంది. దాని వ్యాసార్థం తగ్గుతుంది. కనుక అదే దూరానికి అది మిగిలిన చక్రాల కంటె ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఈ స్వల్పమైన తేడాను బట్టి గాలి తగ్గినదని కారు ఊహిస్తుంది. నాలుగు టైర్లలోను ఒకేలా గాలి తగ్గితే ఈ లెక్కకు అందదు. ఈ లోపాన్ని తీర్చడానికి తరువాతి కాలంలో వచ్చిన వ్యవస్థలు చక్రం కంపించే తీరును కూడా పరిశీలిస్తాయి. వోక్స్‌వ్యాగన్, స్కోడా, హోండా సంస్థల పలు కార్లలో పరోక్ష పద్ధతి ఉన్నది. భారతదేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నింటికి ఎ.బి.ఎస్. తప్పనిసరి కావడం వలన ఈ పద్ధతికి కావలసిన పరికరాలు చిన్న కార్లలోకి కూడా వచ్చాయి.

పరోక్ష పద్ధతికి అంకెలతో పని లేదు. 33 అన్నా 23 అన్నా దానికి తెలియదు. రీసెట్ చేసిన నాటి స్థితితో నేటి స్థితిని పోల్చడమే దానికి తెలిసిన విద్య.

చరిత్ర

ప్రయాణీకుల కార్లలో ఈ వ్యవస్థను మొదట 1986లో పోర్షే 959 అనే కారులో అమర్చారు. ఇది బహు ఖరీదైన కారు. సామాన్యుల కార్లలోకి ఇది రావడానికి కారణం ఒక పెద్ద విపత్తు.

అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే వాహనానికి అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర వేడి ప్రాంతాలలో, అధిక వేగంలో ఊడిపోయి వాహనాలు పల్టీలు కొట్టాయి. ఈ ప్రమాదాలలో 250 మందికి పైగా మరణించారు. 2000 ఆగస్టులో ఆ సంస్థ 65 లక్షల టైర్లను వెనుకకు తీసుకొన్నది. తప్పు టైరుదా, వాహనానిదా అని రెండు సంస్థలూ వాదులాడుకొన్నాయి. ఆ వాహనానికి 26 పౌండ్ల గాలి సరిపోతుందని ఫోర్డ్ చెప్పగా, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ వాదించింది. నాలుగు పౌండ్ల గాలి ఇంత పెద్ద వివాదంలో భాగం కావడం గమనించదగినది. అదే సంవత్సరం నవంబరు 1న అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో ట్రెడ్ చట్టం వచ్చింది. టైరులో గాలి తగ్గితే చోదకునికి తెలియజేసే ఏర్పాటు కొత్త వాహనాలలో ఉండాలని ఈ చట్టం నిర్దేశించింది.

చట్టం అమలుకు 2002లో ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ చేసిన నియమం ఒకే టైరులో గాలి తగ్గినప్పుడు మాత్రమే హెచ్చరించే వ్యవస్థలను కూడా అనుమతించింది. దీనిపై వినియోగదారుల సంఘం న్యాయస్థానానికి వెళ్ళగా, 2003లో అప్పీలు కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. నాలుగు టైర్లలో ఎన్ని తగ్గినా తెలియజేయాలని, నిర్ణీత పీడనం కంటె 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలని 2005లో కొత్త నియమం వచ్చింది. 2007 సెప్టెంబరు 1 నుండి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నింటిలోను ఇది తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్యలో 2012 నవంబరు నుండి కొత్త నమూనాలకు, 2014 నవంబరు నుండి కొత్త కార్లన్నింటికి తప్పనిసరి చేశారు. ఈ వ్యవస్థ ఉన్న కార్లలో గాలి బాగా తగ్గిన టైరుతో తిరిగే అవకాశం సుమారు 55 శాతం తక్కువని 2012లో అమెరికా భద్రతా సంస్థ అంచనా వేసింది.

భారతదేశంలో 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం 3.5 టన్నుల లోపు వాహనానికి ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు వేసుకొనే సామగ్రి, టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ ఉన్నట్లయితే స్టెప్నీ లేకపోయినా అనుమతిస్తారు. ఈ సవరణ వ్యవస్థను అన్ని కార్లకు తప్పనిసరి చేయలేదు.

ఎండ, గాలి: ముండ్లమూరు ప్రాంతపు ఉదాహరణ

ముండ్లమూరు దర్శి, అద్దంకి పట్టణాల మధ్యనున్న మండల కేంద్రం. ఇక్కడి నుండి పశ్చిమంగా పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు వరకు ఉన్న ప్రాంతంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. తారురోడ్డు ఉపరితలం అంతకంటె ఎంతో వేడిగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున 16, 17 డిగ్రీలకు దిగడం కూడా ఉన్నది. టైరులోని గాలి ఈ రెండు హద్దుల మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో చదువుకొంటారు. ఇక్కడ మరువకూడని విషయం ఒకటున్నది. గాలి మిషను చూపే అంకె వాతావరణ పీడనానికి పైన ఉన్న పీడనం మాత్రమే. లెక్క వేయడానికి దానికి 14.7 పౌండ్లు కలపాలి. ఉష్ణోగ్రతకు 273 కలపాలి. (ఇక్కడ పౌండ్లు అనగా చదరపు అంగుళానికి పౌండ్లు, పంక్చరు షాపులలో "పాయింట్లు" అని వాడేవి ఇవే. 14.5 పౌండ్లు ఒక బార్‌కు, 100 కిలోపాస్కల్‌లకు సమానం.)

వేసవి ఉదయం 25 డిగ్రీల వద్ద ఒక కారు టైరులో ఉండవలసిన 33 పౌండ్లు సరిగా ఉన్నాయనుకొందాము. అసలు పీడనం 47.7. కారు ముండ్లమూరు నుండి మార్కాపురం చేరేసరికి ఎండకు, నడకకు టైరులోని గాలి 55 డిగ్రీలకు వేడెక్కినదనుకొంటే, 47.7ను 328తో గుణించి 298తో భాగించగా 52.5 వస్తుంది. 14.7 తీసివేయగా మిషను చూపేది దాదాపు 38. టైరులోకి కొత్త గాలి రాలేదు, ఉన్న గాలే వేడెక్కినది. కారు తయారీదారులు ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకొనే చల్లని టైరుకు 33 అని నిర్ణయించారు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 38 చూసిన చోదకుడు "ఎండాకాలం, టైరు పేలుతుంది" అని భయపడి 33కు దింపిస్తాడు. వేసవిలో రెండు మూడు పాయింట్లు తక్కువ పెట్టించాలన్న నమ్మకం జనంలో బలంగా ఉన్నది. మర్నాటి ఉదయం టైరు చల్లబడిన తరువాత అందులో ఉండేది 28.6 పౌండ్లు మాత్రమే. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకు ఎక్కువగా వంగుతాయి. ఆ వంగడమే వేడిని పుట్టిస్తుంది. రబ్బరు, దానిలోని ఉక్కు తీగల పొరలు ఆ వేడికి విడిపోవడంతో టైరు పేలుతుంది. అనగా పేలుడుకు భయపడి చేసిన పని పేలుడుకే దారి తీస్తుంది.

దానికి తోడు ఆ సమయంలో రీసెట్ కూడా చేసినట్లయితే ప్రమాదం రెట్టింపవుతుంది. పరోక్ష పద్ధతి గల కారు ఆ తక్కువ గాలినే ప్రమాణంగా తీసుకొంటుంది. 25 శాతం తగ్గినప్పుడు వెలిగే దీపం, 33 ప్రమాణమైతే 25 పౌండ్లకు చేరువలో వెలుగుతుంది. 28.6 ప్రమాణమైతే సుమారు 21.5 వరకు మౌనంగా ఉంటుంది. దీపం వెలగలేదు కనుక అంతా సవ్యంగానే ఉన్నదని చోదకుడు నిశ్చింతగా ఉంటాడు.

దీనికి వ్యతిరేకమైన అనుభవం శీతాకాలంలో కలుగుతుంది. మే నెలలో నీడలో నిలిపిన కారుకు 42 డిగ్రీల వద్ద 33 పౌండ్లు కొట్టించి, ఆ తరువాత గాలి చూడకుండా వదిలివేస్తే, జనవరి ఉదయం 16 డిగ్రీల వద్ద చలి వలననే అది 29కి దిగుతుంది. పైగా మంచి టైరు కూడా నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలిని కోల్పోతుంది. ఉదయం వెలిగి, కొంతదూరం పోయాక ఆరిపోయే దీపానికి కారణం తరచుగా ఇదే. వేడెక్కి ఆరిపోయినంత మాత్రాన గాలి సరిపోయినదని కాదు.

నైట్రోజన్ నింపిస్తే ఈ బాధ ఉండదని కొందరంటారు. సాధారణ గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నది. వేడికి పీడనం పెరిగే సూత్రం రెండింటికీ ఒకటే. తేమ లేకపోవడం, కొంత నెమ్మదిగా బయటకు పోవడం నైట్రోజన్‌కు ఉన్న సుగుణాలు.

రీసెట్ చేసే ముందు

మొదట టైర్లను కంటితో చూడాలి. తరువాత చల్లని టైరులో గాలి కొలవాలి. కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉంటే, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడవకుండా ఉంటే టైరు చల్లగా ఉన్నట్లు లెక్క. ఉండవలసిన పీడనం చోదకుని తలుపు తెరిస్తే పక్క స్తంభంపై అతికించిన పట్టీలో ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం. అది కారుకు చెప్పిన పీడనం కాదు.

పల్లెలలో ఒక చిక్కు ఉన్నది. గాలి మిషను పెట్రోలు బంకులోనో, దర్శి, పొదిలి వంటి పట్టణాలలోని పంక్చరు షాపులోనో ఉంటుంది. అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కుతుంది. దీనికి సులభమైన ఉపాయం ఉన్నది. కొద్ది ఖరీదుకు దొరికే గాలి కొలిచే గేజిని ఇంట్లో ఉంచుకొని ఉదయమే కొలవాలి. 33 ఉండవలసిన చోట 29 ఉంటే లోటు 4. షాపుకు చేరాక అదే టైరు 32 చూపినా, లోటైన 4 కలిపి 36 వరకు కొట్టించాలి. మర్నాడు ఉదయం మరల ఇంటి గేజితో చూస్తే 33కు దగ్గరగా ఉంటుంది. కారులోని పన్నెండు వోల్టుల సాకెట్టుకు తగిలించే చిన్న కంప్రెసరు ఉన్నవారు ఇంటి వద్దనే ఈ పని చేసుకొనవచ్చును.

ఏ ఒక్క టైరులోనైనా మిగిలినవాటి కంటె బాగా తక్కువ ఉంటే అది చలి వలన తగ్గినది కాదు. చలి నాలుగింటినీ ఒకేలా తగ్గిస్తుంది. అది పంక్చరు లేదా వాల్వు లోపం. దానిని బాగుచేయించక మునుపు రీసెట్ చేయరాదు.

రీసెట్ చేసే పద్ధతులు

ఒక్కొక్క కారుకు ఒక్కొక్క తీరు ఉన్నది. కచ్చితమైన క్రమం కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ప్రధానమైన తీరులు ఇవి.

కొన్ని కార్లలో స్టీరింగు కింద గాని, దాని పక్కన గాని, చేతిపెట్టె లోపల గాని దీపపు గుర్తే ముద్రించిన చిన్న మీట ఉంటుంది. కారును నిలిపి, ఇంజను ఆపి ఉంచి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి ఆ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టాలి. కొన్ని టయోటా కార్లలో దీపం నెమ్మదిగా మూడుసార్లు మినుకుమనే వరకు నొక్కి ఉంచాలి. తరువాత కారును నడిపితే వ్యవస్థ కొత్త ప్రమాణాన్ని నేర్చుకొంటుంది.

కొత్త కార్లలో మీటకు బదులుగా తెర మీద ఏర్పాటు ఉంటుంది. సెట్టింగులలో వాహనం, అందులో టైర్లు అనే చోటికి పోయి "సెట్" లేదా "స్టోర్" అనేదాన్ని తాకి నిర్ధారించాలి. పరోక్ష పద్ధతి గల కార్లు దీని తరువాత సాధారణ వేగంతో ఇరవై నిమిషాల నుండి గంట వరకు నడిస్తే గాని నేర్చుకోవడం పూర్తికాదు. ఆ కాలం ఒకే దఫాలో నడవనక్కరలేదు. ఈ నేర్చుకొనే సమయంలో వ్యవస్థ పూర్తిగా కాపు కాయదని గుర్తుంచుకొనాలి.

ప్రత్యక్ష పద్ధతి గల చాలా కార్లకు మీట అవసరమే లేదు. గాలి సరిచేసి కొంతదూరం నడిపితే సెన్సర్లు కొత్త అంకెలను పంపి దీపం తానే ఆరిపోతుంది. నిలిచి ఉన్న కారులో సెన్సరు నిద్రావస్థలో ఉంటుంది కనుక గాలి కొట్టించిన వెంటనే ఆరలేదని ఆందోళన పడనవసరం లేదు. పది నిమిషాల ప్రయాణం తరువాత కూడా ఆరకపోతే గాలి మరొకసారి కొలవాలి. కొత్త సెన్సరు వేసినప్పుడు దాని సంఖ్యను కారుకు తెలుపడానికి సర్వీసు కేంద్రంలోని స్కానరు పరికరం కావలసి రావచ్చును.

బ్యాటరీ తీగలు ఊడదీసి మరల తగిలిస్తే దీపం ఆరుతుందన్న సలహా వినబడుతుంది. టైరులో గాలి తక్కువగా ఉన్నంతకాలం ఇది పనిచేయదు. పైగా కారులోని ఇతర అమరికలు చెరిగిపోతాయి. ఫ్యూజు తీయడం, దీపంపై నల్లటేపు అతికించడం వంటివి కూడా కొందరు చేస్తారు. టేపు కింద దీపం వెలుగుతూనే ఉంటుంది.

వాల్వుపై మూతకు బదులుగా బిగించే బయటి సెన్సర్లు, సూర్యరశ్మితో పనిచేసే చిన్న తెర విడిగా కూడా అమ్ముతారు. వీటిలో ఎంతకు తగ్గితే మోగాలో యజమాని తానే అంకె పెట్టుకొనాలి. పాత కార్లకు ఇవి ఉపయోగకరం. అయితే పొరపాటున తక్కువ అంకె పెట్టిన యెడల వీటికీ ముందు చెప్పిన దోషమే అంటుకొంటుంది.

బరువు మారినప్పుడు

పట్టీలో సాధారణంగా రెండు వరుసలుంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పుడు, రెండవది నిండు బరువుకు. శివరాత్రికి పశ్చిమ ప్రాంతం నుండి కుటుంబాలు సామానుతో సహా దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ దారిలో శ్రీశైలం వెళతాయి. నంద్యాల వైపు పోయేవారు గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ ఎక్కుతారు. ఇటువంటి ప్రయాణాలకు నిండు బరువు వరుస ప్రకారం గాలి పెంచి, పరోక్ష పద్ధతి ఉంటే రీసెట్ చేయాలి. తిరిగి వచ్చాక మామూలు గాలికి దింపి మరల రీసెట్ చేయాలి. రెండవసారి చేయడం మరచిపోవడమే ఎక్కువ. అప్పుడు కారు పెద్ద పీడనాన్నే ప్రమాణంగా ఉంచుకొని, మామూలు గాలికే దీపం వెలిగిస్తుంది. ఇది ఇబ్బందే గాని అపాయం కాదు.

ముళ్ళు, పంక్చర్లు, స్టెప్నీ

ముండ్లమూరు పేరులోనే ముండ్లున్నాయి. ఊరి పేరు ఎలా వచ్చినా, ఆ చుట్టుపక్కల డొంకలలోను చెరువు కట్టల వెంటను సర్కారు తుమ్మకు కొదవ లేదు. గట్టిపడిన తుమ్మ ముల్లు ట్యూబ్‌లెస్ టైరులో దిగినా గాలి ఒక్కసారిగా పోదు. ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచడం వలన రోజుకు ఒకటి రెండు పౌండ్ల చొప్పున జారుతుంది. ట్యూబు ఉన్న పాత టైరు వెంటనే కూలబడి చోదకునికి తెలియజేసేది. ట్యూబ్‌లెస్ టైరు నిలబడినట్లే కనిపిస్తుంది. కంటికి తెలియని ఈ నష్టాన్ని కనిపెట్టడంలోనే హెచ్చరిక దీపం యొక్క అసలైన ఉపయోగం ఉన్నది. ఒకసారి గాలి కొట్టించి రీసెట్ చేసిన తరువాత వారంలోపు అదే దీపం మళ్ళీ వెలిగిందంటే ముల్లో మేకో ఉన్నట్లే. టైరును నీటితో తడిపి బుడగలు చూడాలి, వాల్వు నోటిని కూడా తడపాలి.

నడిచే భాగంలోని చిన్న రంధ్రాన్ని రబ్బరు దారంతో పూడుస్తారు. పక్కగోడకు పడిన చిల్లును అలా పూడ్చి వాడరాదు. రిమ్ము నుండి టైరును విడదీయవలసి వస్తే, ప్రత్యక్ష పద్ధతి గల కారు యజమాని లోపల సెన్సరు ఉన్నదని పని మొదలుపెట్టక ముందే షాపువానికి చెప్పాలి. వాల్వుకు దూరంగా ఉన్న వైపు నుండి విడదీస్తే సెన్సరు విరగదు. టైరులో పోసే పంక్చరు ద్రవం కొన్ని సెన్సర్ల రంధ్రాన్ని మూసివేస్తుంది కనుక కారు పుస్తకం అనుమతిస్తేనే దానిని వాడాలి.

స్టెప్నీలో చాలా కార్లకు సెన్సరు ఉండదు. దానిని బిగించినప్పుడు దీపం మినుకుమని వెలుగుతూనే ఉంటుంది. అసలు చక్రం తిరిగి వేసేవరకు రీసెట్‌తో పని లేదు. సన్నని తాత్కాలిక స్టెప్నీ అయితే గంటకు 80 కిలోమీటర్లు మించరాదని దానిపైనే వ్రాసి ఉంటుంది. డిక్కీలో ఏళ్ళ తరబడి పడి ఉన్న స్టెప్నీలో గాలి ఎంత ఉన్నదో ఏ దీపమూ చెప్పదు. దానిని కూడా గేజితో కొలుస్తూ ఉండాలి.

విదేశాలలోని తెలుగువారు

చదువుకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్ళిన తెలుగువారిలో అనేకులకు ఈ దీపం మొదటి శీతాకాలంలోనే పరిచయమవుతుంది. 20 డిగ్రీల వద్ద 33 పౌండ్లున్న టైరు, సున్నా డిగ్రీల ఉదయానికి 29.7కు దిగుతుంది. అప్పటికే కొంత తక్కువగా ఉన్న టైరును ఈ తగ్గుదల హెచ్చరిక హద్దు దాటిస్తుంది. అక్కడ విద్యార్థులు కొనే పాత కార్లలో సెన్సరు బ్యాటరీలు అయిపోయి ఉండడం వలన మినుకుమనే దీపం కూడా తరచుగా కనిపిస్తుంది. పనిచేస్తున్న వ్యవస్థను తెలిసి చెడగొట్టడం టైరు దుకాణాలకు అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నిషిద్ధం. కనుక కొత్త టైర్లు వేయించుకొనేటప్పుడు సెన్సర్లను తీసివేయమని అడిగినా వారు అంగీకరించరు. టైర్లు ఎలాగూ విప్పుతారు గనుక వయసు మీరిన సెన్సర్లను అదే సమయంలో మార్పించుకొంటే రెండవసారి కూలీ తప్పుతుంది. కొత్త సెన్సర్ల సంఖ్యలను కారుకు నేర్పిన తరువాత కొద్ది దూరం నడిపి, నాలుగు చక్రాల అంకెలూ తెరపై వస్తున్నవో లేదో దుకాణం దాటకముందే చూసుకొనాలి.